మీరేది చెప్తే అదే

నర్సింలు ఆరో ఏసీ ఫిల్టరు కడుగుతున్నాడు. ఇంజనీరింగ్ బ్లాకు కింది గదిలో, గోడవారన, కుళాయి కింద. జాలీలోంచి కారే నీళ్లు ముందు నల్లగా, తరవాత ఇసుక రంగుగా, ఆఖర్న తేటగా వస్తాయి. తేటపడేదాకా అతను లేవడు. తక్కినవాళ్లు ఇసుక రంగు దగ్గరే ఆపేస్తారు. ఆ తేడా ఈ అరబ్బు దేశపు యూనివర్సిటీలో పదిహేడేళ్లుగా ఎవరూ గమనించలేదు.

పొట్టి మనిషి. యాభై ఏడేళ్లు. ముక్కాలిపీట మీంచి లేస్తే ఎడమ మోకాలు టక్కుమంటుంది. వేళ్ల గోళ్లు గుండ్రంగా, అంచుల్లో నలుపు ఇంకి ఉంటాయి. కుడి అరచేతిని పైపు మీద ఆనించి లోపలి నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చెప్పగలడు. ఒక డిగ్రీ అటూ ఇటూ, అంతే. చెప్పమని అడిగినవాళ్లు తక్కువ.

పెదవులు కదులుతున్నాయి.

"లైబ్రరీ నాకియ్యుండ్రి మేడం."

బాగాలేదు. అడుక్కున్నట్టుంది.

"లైబ్రరీ నేను జూస్కుంట మేడం."

ఇది నయం. ఈ మాట మూడు వారాలుగా కడుగుతున్నాడు. ఇవాళ గురువారం. మధ్యాహ్నం ఒకటిన్నరకు మీటింగు. లైబ్రరీ బ్లాకు ఎవరి చేతిలో పెట్టాలో మేడం ఇవాళ తేలుస్తుంది.

మేడం పేరు షమ్సున్నీసా. హైదరాబాదామె. నిరుడు మెయింటెనెన్స్ మేనేజరుగా వచ్చింది. వచ్చిన మూడో నెలలో పదకొండుమంది టెక్నీషియన్లనూ పంపుల గదిలోకి పిలిచింది. బక్కెట్లు బోర్లించి కూర్చోబెట్టింది. తనూ ఒక బక్కెట్టు మీద కూర్చుంది. అంతకు ముందున్న మేనేజరు ఆ గదిలోకి పద్నాలుగేళ్లలో రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఒక్కో బిల్డింగ్ ఒక్కో మనిషిది," అంది మేడం. "ఏ సామాన్ కావాలె, ఏ లైన్ ఎప్పుడు బంద్ చెయ్యాలె, అంతా ఆ మనిషే డిసైడ్ చేస్తడు. నన్ను అడగొద్దు. చేసినంక చెప్పండి, చాలు."

ఆమె అందరికన్నా పాతమనిషి దగ్గర మొదలుపెట్టింది.

"నర్సింలు భాయ్, సైన్స్ బ్లాక్ మీరు తీసుకుంటరా?"

అతను లేచి నిలబడ్డాడు. చెయ్యి ఛాతీ మీద పెట్టుకుని, "మీరేది చెప్తే అదే మేడం," అన్నాడు.

"నేను చెప్ప. మీరే చెప్పాలె. కావాల్నా, వద్దా?"

అతను నేల చూసి నవ్వాడు. "మీ ఇష్టం మేడం."

నర్సింలు ఊళ్లో పెద్దవాళ్లు ఏదైనా ఇస్తామంటే ఒక్కసారికి చెయ్యి చాపరు. రెండోసారికీ చాపరు. మూడోసారి అడిగితే తీసుకుంటారు. మొదటిసారికే తీసుకున్నవాణ్ణి ఆశపోతు అంటారు. అతను మూడోసారి కోసం నిలబడ్డాడు. మేడం ఒక నిమిషం చూసింది. తరవాత పక్కకు తిరిగింది.

"రిచర్డ్, నువ్వు?"

"ఇచ్చేయండి మేడం. చేసేస్తాను."

అంతే. నర్సాపురం వైపు కుర్రాడు, ముప్ఫై రెండేళ్లు, కూర్చున్నవాడు లేవను కూడా లేదు. పైపుకు చల్లదనం పోకుండా చుట్టు ఎలా చుట్టాలో అతనికి నేర్పింది నర్సింలే. పాత మేనేజరు కాలంలో ఆ రిచర్డు డ్యూటీకి ఆలస్యంగా వచ్చేవాడు. నిచ్చెన కింద కూర్చుని ఫోను చూసేవాడు. చెప్పిన పని చేసి, చెప్పనిది వదిలేసేవాడు. బిల్డింగు చేతికొచ్చిన నెలకే అరగంట ముందు రావడం మొదలుపెట్టాడు. పంపులకు నంబర్లు రాశాడు. సైన్స్ బ్లాకు నుంచి ఫిర్యాదులు సగానికి పడిపోయాయి. మంచి పనివాడని క్యాంటీన్ టీవీలో అతని బొమ్మ వేశారు.

ఇస్తే ఎవడైనా చేస్తాడు. నర్సింలు ఎనిమిది నెలలుగా నమిలింది ఈ ఒక్క మాటే.

పొద్దున ఏడుకు పది నిమిషాలుండగా రిచర్డు మెట్లు దిగి వచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చేతిలో బిల్డింగు పైపుల పటాలు.

"బాబాయ్, కొంచెం సాయం కావాలి. థర్డ్ ఫ్లోరు చల్లబడట్లేదు. నిన్న పంపు మార్చి చల్లనీళ్ల లైను నింపాం కదా, అప్పట్నుంచీ అంతే. ల్యాబులో ముప్ఫై నాలుగు డిగ్రీలుంది."

నర్సింలు ఏడో ఫిల్టరు అందుకున్నాడు.

"కారిడార్లో సగందాకా పైపు చల్లగా ఉంది. అక్కణ్ణుంచి వేడి. గాలి పట్టిందని నాకూ తెలుస్తోంది. కానీ గాలి వదిలే కుళాయి పటంలో ఎక్కడా లేదు. మీరు పాతోళ్లు కదా. ఎక్కడైనా ఉందా?"

ఉంది. టీ గది బయట, మూడో సీలింగు పలక పైన, చల్లగాలి పోయే పెద్ద రేకు డక్టు వెనకాల. అక్కడ పైపు ఒంటె మూపులా పైకి లేచి దిగుతుంది. లైను ఖాళీ చేసి నింపినప్పుడల్లా గాలి ఆ మూపులో ఇరుక్కుంటుంది. బొటనవేలంత ఇత్తడి కుళాయి. బిగించింది నర్సింలే.

"నాకేం ఎరుక?" అన్నాడు.

"అదేంటి బాబాయ్? ఆ ఫ్లోరు మీ చేతి మీద వేసిందేనంట కదా."

"నాడు చెప్పిన పని జేసిన. యాదికుంటదా? బిల్డింగు నీదే గదా. నువ్వే జూస్కో."

రిచర్డు నవ్వబోయి ఆగాడు. "సరేలెండి," అన్నాడు. రెండేసి మెట్లెక్కుతూ వెళ్లిపోయాడు.

ఏడో ఫిల్టరు నీళ్లు తేటపడ్డాయి. నర్సింలు కుళాయి కట్టలేదు. ఇంకాసేపు కడిగాడు.

ఆ పైపుకు మూపు రావడానికి కథ ఉంది. పదకొండేళ్ల కిందట ఒక శుక్రవారం, సెలవు రోజున, మూడో అంతస్తులో పైపు పగిలింది. డ్యూటీలో నర్సింలు ఒక్కడే. మేనేజరు ఫోను ఎత్తలేదు. నీళ్లు సీలింగులోంచి కుండపోతగా పడుతున్నాయి. అతను కిందికి పరుగెత్తి పెద్ద వాల్వు కట్టేశాడు. కంప్యూటర్లు, మైక్రోస్కోపులు మిగిలాయి. ఆదివారం మేనేజరు పిలిచి చేతికొక కాగితం ఇచ్చాడు. అనుమతి లేకుండా లైను ఆపినందుకు హెచ్చరిక. ఇంకోసారి చేస్తే ఇంటికే. "ఆలోచించడం నీ పని కాదు, ముఖ్ మాఫీ," అన్నాడు, తలకాయ మీద వేలు పెట్టి. నీకు మెదడు లేదని. గదిలో ఇద్దరు క్లర్కులు నవ్వారు.

తరవాత పైపు దారి మార్చి వేయించారు. నర్సింలు చేతే. గాలి ఇరుక్కుంటుందని అతను చెప్పలేదు. ఆలోచించడం తన పని కాదు. ఎవరికీ చెప్పకుండా చిన్న కుళాయి ఒకటి బిగించాడు. పటంలో ఎక్కలేదు.

ఆ రోజు నుంచి సంతకం లేకుండా బోల్టు కూడా తిప్పలేదు.

ఎనిమిదేళ్ల కిందట సాయవ్వకు కడుపునొప్పి వచ్చింది. భార్య. జగిత్యాల ఆసుపత్రిలో చేర్చారు. అప్పట్లో ఈ దేశం దాటాలంటే యజమాని సంతకం కావాలి. అర్జీ పెట్టాడు. మేనేజరు ఊళ్లో లేడు. సంతకం పెట్టే అధికారం ఇంకెవరికీ ఇచ్చి వెళ్లలేదు. ఆఫీసు బయట బెంచీ మీద మూడు రోజులు కూర్చున్నాడు. తోటివాళ్లు పోట్లాడమన్నారు. పోట్లాడలేదు. నాలుగో రోజు సంతకమైంది. ఊరు చేరేసరికి పాడె వెళ్లిపోయిన వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి ఉంది.

సాయవ్వ ఆఖర్న ఏమందో ఆమె చెల్లెల్ని అడిగాడు. "బావ బయల్దేరిండా అని రెండుసార్లు అడిగింది," అంది. నర్సింలుకు ఆ ఇంటిలో కూర్చోబుద్ధి కాలేదు. పదోరోజు దాటగానే తిరిగొచ్చేశాడు. వచ్చి ఆ మేనేజరుకే సలాం చేశాడు.

పోయిన నెల రిచర్డు భార్య పెర్సిస్‌కు అల్ వుకైర్ ఇంట్లో నొప్పులు మొదలయ్యాయి. ఫోను వచ్చినప్పుడు మేడం అక్కడే ఉంది. "పో! కాగితం తర్వాత చూద్దాం. యల్లా!" అంది. తన కారు తాళం చేతిలో పెట్టింది. రిచర్డు సమయానికి చేరాడు. ఆడపిల్ల. అందరికీ స్వీట్లు పంచాడు. నర్సింలు తన ముక్కను కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బస్సు దిగాక చెత్తకుండీలో వేశాడు.

తొమ్మిదింటికి క్యాంటీన్లో కరక్ టీ. ప్లంబరు రాజేందర్ ఎదురుగా కూర్చున్నాడు. కోరుట్లవాడు. నోరు ఊరుకోదు.

"ఏం కాకా, నీ శిష్యుడు టీవీల మస్తుగ వడ్డడు. పెండ్లి ఫోటో లెక్కున్నది."

"చాయ్ తాగు."

"తాగుతున్న గదా. ఇంతకు మీటింగుల నోరు తెరుస్తవా, మల్లా 'మీ ఇష్టం మేడం' అంటవా? గట్లంటే ఈసారి లైబ్రరీ నేనే గుంజుకుంట, చెప్తున్న."

"నీకు పుస్తకం దిక్కు సూత్తెనే నిద్రొస్తది."

"ఏసీ గూడ మంచిగుంటది కాకా. పండుకోవచ్చు."

నర్సింలు నవ్వాడు. రాజేందర్ చప్పుడు చేస్తూ టీ జుర్రాడు.

"పైన రిచర్డు ఆగమాగమైతుండు. ఖర్జూరం మొక్కల ల్యాబంట. సారు మొత్తుకుంటుండట. నీకెరుకనా గా లైను?"

"ఎరుక లేదు."

రెండోసారి అబద్ధం తేలిగ్గా వచ్చింది.

పదకొండున్నరకు మూడో అంతస్తుకు వెళ్లాడు. వెళ్లాల్సిన పని లేదు. చేతిలో ఒక ఫిల్టరు పట్టుకుని, పనున్నట్టు నడిచాడు. కారిడార్లో వేడి గాలి ముఖానికి తగిలింది. సీలింగు పలకలు ఆరు ఊడదీసి గోడకు ఆనించారు. నిచ్చెన మీద రిచర్డు. తల, భుజాలు సీలింగులో ఉన్నాయి. కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. పిక్కలు వణుకుతున్నాయి. వెతుకుతున్న చోటుకీ కుళాయికీ నాలుగు పలకల దూరం. డక్టుకు అవతలివైపు వెతుకుతున్నాడు.

ల్యాబు అద్దంలోంచి లోపలికి చూశాడు. అరలు అరలుగా గాజు సీసాలు. ఒక్కో సీసాలో చిటికెన వేలంత ఖర్జూరం మొక్క. తెల్లని దీపాలు. ఇరవై ఆరు డిగ్రీలు దాటితే తట్టుకోవు. బయటికి తీస్తే కుళ్లు పడుతుంది. జహాంగీర్ అనే ప్రొఫెసరు నాలుగేళ్లుగా పెంచుతున్నాడు. దీపాలు సగం ఆర్పేసి, చొక్కా చేతులు మడిచి, ఒక్కో సీసా ఎత్తి చూస్తున్నాడు. సీసాల లోపల చెమట. కింది అరలో మొక్కలు నిలబడి ఉన్నాయి. పై అరలో తలలు వాల్చాయి.

నర్సింలు అలాగే నిలబడ్డాడు. ఒక్క మాట చాలు. 'టీ గది దిక్కు సూడు.' నాలుగు పదాలు. నోట్లోకి వచ్చాయి. అప్పుడు పైనించి రిచర్డు ఫోన్లో మాట్లాడటం వినబడింది.

"లేదు మేడం, ఇంకా దొరకలేదు... సరే మేడం... థాంక్యూ మేడం. మీరున్నారు కదా, భయం లేదు."

మీరున్నారు కదా. నర్సింలు నాలుగు పదాలూ మింగేశాడు. ఫిల్టరు పట్టుకుని మెట్లు దిగాడు. అన్నం తిన్నాడు. పూర్తిగా తిన్నాడు.

ఒకటిన్నరకు మీటింగు. అవే బక్కెట్లు. రిచర్డు ఆఖరుగా వచ్చాడు. జుట్టు నిండా సీలింగు పొడి, మోచెయ్యి గీరుకుపోయింది. మేడం నోరు తెరిచేలోగా జహాంగీర్ తలుపు తోసుకుని వచ్చాడు. మర్యాదస్థుడు. ఇవాళ గొంతు పగిలింది. ఇంగ్లీషులో అరిచాడు. పై రెండు అరలూ పోయాయన్నాడు. పంపు ఎవరు మార్చమన్నారన్నాడు. పరీక్షించకుండా లైను ఎవరు నింపారన్నాడు. వేలు రిచర్డు ముఖం మీదికి చాపాడు.

రిచర్డు లేచాడు. "నేనే సార్," అన్నాడు.

నర్సింలు రిచర్డునే చూస్తున్నాడు. ఇప్పుడు. ఇప్పుడు కాగితం వస్తుంది. వేలు తలకాయ మీదికి వెళ్తుంది. ఎవరో ఒకరు నవ్వుతారు. పదకొండేళ్లుగా ఆ మేనేజరు గదిలో తానొక్కడే నిలబడి ఉన్నాడు. ఇవాళ తోడు దొరుకుతుంది.

మేడం లేచి ఇద్దరి మధ్యకు వచ్చింది. ప్రొఫెసరు వేలు ఆమె భుజం దగ్గర ఆగింది.

"ఆ పంపు మార్చాలని నిర్ణయించింది అతను. నిర్ణయించమని చెప్పింది నేను," అంది ఇంగ్లీషులోనే, గొంతు పెంచకుండా. "తనకు తెలిసినంతలో సరిగ్గానే చేశాడు. పటంలో లేనిది అతనికి ఎట్లా తెలుస్తుంది? ఫిర్యాదు రాయండి. నా పేరు మీద రాయండి."

జహాంగీర్ ఆమెను చూశాడు. వేలు దించాడు. వెళ్లిపోయాడు.

మేడం రిచర్డు భుజం తట్టి కూర్చోమంది. రిచర్డు కళ్లు తుడుచుకున్నాడు.

నర్సింలు లెక్క కట్టాడు. రిచర్డు నష్టం చేశాడు, మేడం వాడికి అడ్డం నిలబడింది. తాను బిల్డింగు కాపాడాడు, తనకు కాగితం దక్కింది. ఆ ఆదివారం ఆ గదిలోకి ఒక్క మనిషి, ఇలా ఒక్క అడుగు వేసి ఉంటే. తరవాతి పదకొండేళ్లు వేరేగా ఉండేవి. బెంచీ మీద మూడు రోజులు కూర్చునే మనిషి అయ్యేవాడు కాదు. ఆ మేనేజరును అతను ఎన్నడూ ద్వేషించలేదు. ద్వేషమంతా దాచి తెచ్చి, ఆ చెమట చొక్కా కుర్రాడి మీద పోశాడు.

"లైబ్రరీ సంగతి," అంది మేడం. "ఎవరికి కావాలె?"

నర్సింలు మోకాలు టక్కుమంది. లేచి నిలబడ్డాడని అప్పుడు తెలిసింది.

"లైబ్రరీ నేను జూస్కుంట మేడం."

మేడం ముఖం విప్పారింది. "షుకర్! ఎనిమిది నెలల నుంచి ఈ మాట కోసమే చూస్తున్న భాయ్. లైబ్రరీ మీదే. ఆదివారం నుంచి."

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది రిచర్డు. గీరుకుపోయిన చేత్తో కొట్టాడు.

కావలసింది దొరికింది. దొరికిన మరుక్షణం దాని బరువు కాళ్ల మీద పడింది. అతను ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచాడు. మూడో అంతస్తుకు మెట్లెక్కాడు. నిచ్చెన లాక్కొచ్చి టీ గది ముందు నిలబెట్టాడు. మూడో పలక పక్కకు జరిపాడు. డక్టు వెనక్కు చెయ్యి చాపాడు. చూడక్కర్లేదు. వేళ్లకు తెలుసు.

కుళాయి తిప్పగానే గాలి బుస్సుమంది. చాలాసేపు బుసకొట్టింది. తరవాత నీళ్లు ఉమ్మింది. కుళాయి కట్టి అరచెయ్యి పైపుకు ఆనించాడు. వేడి పైపు చెయ్యి కిందే చల్లబడింది. పదిహేను. పన్నెండు. ఎనిమిది.

కిందికి చూశాడు. రిచర్డు నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో. పైకే చూస్తున్నాడు.

"మీకు తెలుసు," అన్నాడు.

నర్సింలు ఒక్కో మెట్టే దిగాడు. రిచర్డు నిచ్చెన వదల్లేదు. ఆఖరి మెట్టు దిగేదాకా గట్టిగా పట్టుకున్నాడు. తరవాత వదిలి, మాట లేకుండా ల్యాబులోకి వెళ్లాడు. బాబాయ్ అనలేదు.

మేడం మెట్ల దగ్గర నిలబడి ఉంది. అంతా చూసింది. దగ్గరికి వచ్చింది. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

"ఎందుకు చెప్పలేదు భాయ్?"

"పదిహేడేండ్ల సంది నన్నెవ్వరు అడగలే మేడం."

"పొద్దున రిచర్డ్ అడిగిండు కదా."

అతను నేల చూశాడు. సీలింగు పొడిలో తన బూటు గుర్తులు, పక్కన రిచర్డువి.

"లైబ్రరీ మీదే," అంది మేడం. "వాపస్ తీసుకోను. ఇవాళ జరిగిందానికి కూడా నేనే జవాబు చెప్త. కానీ ఇంకోసారి ఇట్ల చెయ్యొద్దు."

ఆమె నిలబడింది, అతని తరఫున కూడా. పదకొండేళ్లు ఎదురుచూసింది వచ్చింది. వచ్చిన రోజున తాను అందుకు తగనని తెలిసింది. ఆ తెలివి కోపం కన్నా గట్టిగా తగిలింది. తగలాల్సిందే.

మూడు గంటలకు ఆమె గదికి వెళ్లి సెలవు అర్జీ పెట్టాడు. నెల రోజులు. కారణం ఉన్నచోట ఏమీ రాయలేదు. మేడం కారణం అడగలేదు. అక్కడికక్కడే సంతకం పెట్టింది.

"ఆదివారం కాకపోతే వచ్చే నెల చూసుకుందాం. బిల్డింగ్ ఎక్కడికీ పోదు," అంది.

మూడున్నరకు కార్డు చూపించి గేటు దాటాడు. ఆకాశం ఇసుక రంగుగా ఉంది. మదీనత్ ఖలీఫా బస్సు వచ్చింది. ఎక్కాడు. శనివారం విమానం.

నెల గడిచింది. రాలేదు. రాజేందర్ ఫోను చేస్తే రెండుసార్లు ఎత్తి, మూడోసారి ఎత్తలేదు. తరవాత నంబరు పనిచేయలేదు. మేడం ఇంకో నెల ఎదురుచూసి లైబ్రరీ రాజేందర్‌కు ఇచ్చింది. పై రెండు అరల సీసాలు మళ్లీ మొదట్నుంచి పెట్టారు. రిచర్డు పటం మీద ఎర్ర సిరాతో కుళాయి గుర్తు వేశాడు.

ఆ గురువారం సాయంత్రమే మేడం ఒక బోర్డు చేయించడానికి పంపిందని తరవాత తెలిసింది. జానెడు వెడల్పు ఇత్తడి రేకు. అరబ్బీలో, ఇంగ్లీషులో, కింద తెలుగులో కూడా: లైబ్రరీ బ్లాకు, బాధ్యులు నర్సింలు. తెలుగు అక్షరాలు రిచర్డు రాసిచ్చాడు. బోర్డు సోమవారం వచ్చింది. బిగించాల్సిన మనిషి లేడు. లైబ్రరీ కింది గదిలో అలమరా మీద పెట్టారు. దాన్ని తీసెయ్యమని మేడం చెప్పలేదు, రాజేందర్ తీయలేదు. నాలుగు మూలల్లో మేకుల చిల్లులు ఖాళీగా ఉన్నాయి. పేరు మీద గీతలు పడకుండా అంటించిన నీలం ప్లాస్టిక్ పొర ఇప్పటికీ ఊడలేదు.